సంక్షోభం ఎవరికి అవకాశం? – కొరియా వీడియో గేమ్ వృత్తి మీద ఒక విమర్శ

ఈ మధ్య ఒక సెమినార్‌లో కొత్త ఉపాధి మార్గాల మీద మాట్లాడుతూ ఒక పెద్దమనిషి దక్షిణ కొరియా కథ చెప్పాడు. 1997లో ఆ దేశం దివాళా అంచుకు పోయిందట. ఉద్యోగాల్లేని కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని ఆటలాడారట. ఆ ఆటల్లోంచి ఒక వృత్తి పుట్టింది, ఒక పరిశ్రమ పుట్టింది, కోట్ల డాలర్ల మార్కెట్ పుట్టింది. కాబట్టి సంక్షోభాన్ని చూసి ఏడవకూడదు, అందులో అవకాశాన్ని వెతుక్కోవాలి అని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీల్లో కూర్చున్న మా హాస్టల్ పిల్లలూ కొట్టారు. నేనూ కొట్టినట్టే గుర్తు.

ఈ కథ ఆయన సొంతం కాదు. వ్యాపార పత్రికల్లో, మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఏళ్ళ తరబడి తిరుగుతున్నదే. అందులో చెప్పిన సంగతులు అబద్ధాలు కావు. చెప్పని సంగతులే ఎక్కువ. ఏ కథనైనా ఎవరు చెప్తున్నారు, అందులో ఎవరు కనపడరు అని అడగడం మనకు అలవాటు. ఈ కథనూ అట్లాగే అడుగుదాం.

ముందు ఆ కాలం సంగతి. 1997 నవంబర్‌లో కొరియా ప్రభుత్వం అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గరికి వెళ్ళింది. డిసెంబర్ 3న ఒప్పందం కుదిరింది. ఐ.ఎం.ఎఫ్., ప్రపంచబ్యాంకు, ఇతర దేశాలు కలిసి ప్రకటించిన మొత్తం సుమారు 5,800 కోట్ల డాలర్లు. షరతులు మనకు తెలియనివేం కావు: మార్కెట్లు తెరవాలి, కంపెనీలను సంస్కరించాలి, పనివాళ్ళను తీసెయ్యడం సులువు చెయ్యాలి. 1998 ఫిబ్రవరిలో తొలగింపులకు వీలిచ్చే చట్టం వచ్చేసింది. 1997లో 3 శాతం లోపున్న నిరుద్యోగం 1998లో సగటున 7 శాతానికి చేరింది. ఆ రోజుల్ని కొరియన్లు ఇప్పటికీ 'ఐ.ఎం.ఎఫ్. కాలం' అనే అంటారు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు కరువు పేరుతో ఏళ్ళను గుర్తుపెట్టుకున్నట్టు.

వేటు అందరి మీదా ఒక్కతీరుగా పడలేదు. 1998 వేసవిలో ఉల్సాన్‌లో హ్యుందాయ్ మోటార్ కార్మికులు పెద్ద సమ్మె చేశారు. చివరికి జరిగిన రాజీలో తొలగించాల్సిన వాళ్ళ సంఖ్య 277కు తగ్గింది. ఆ 277 మందిలో 144 మంది క్యాంటీన్‌లో వండి వడ్డించే ఆడవాళ్ళు. సమ్మెలో కూర్చున్నవాళ్ళకు అన్నం వండిపెట్టింది కూడా వాళ్ళే. వీడియో గేముల వ్యాసంలో క్యాంటీన్ గొడవ ఎందుకని అడగొచ్చు. ఉద్యోగాలు పోయినవాళ్ళు కొత్త వ్యాపారాల్లోకి వచ్చారని ఈ కథ చెప్తుంది కదా, ఎవరు రాగలిగారు అన్నది చూడాలి కాబట్టి.

ఆ రోజుల్లో కొరియా ఆఫీసుల్లో 'గౌరవ విరమణ' అన్న మాట నడిచింది. మన భాషలో వీఆర్ఎస్. మన దగ్గర ప్రభుత్వరంగ కంపెనీల్లో వీఆర్ఎస్ తీసుకున్నవాళ్ళు వచ్చిన డబ్బుతో ఎస్టీడీ బూత్, జెరాక్స్ షాపు, కిరాణా కొట్టు పెట్టుకున్నారు గుర్తుందా? అక్కడ కొందరు వేయించిన కోడి అమ్మే దుకాణం పెట్టారు, కొందరు పీసీ బాంగ్ పెట్టారు. బాంగ్ అంటే గది. అద్దె గదిలో వరసగా కంప్యూటర్లు, గంటకు ఇంత అని రేటు, రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. 1998లో ఇట్లాంటి గదులు సుమారు 3 వేలు. మరుసటి ఏడాదికి 15 వేలు. 2001కి 23 వేలు దాటాయి. విరమణ సొమ్ము ముట్టిన మధ్యతరగతి ఉద్యోగి ఆ గదికి యజమాని కాగలిగాడు. క్యాంటీన్ ఆడమనిషికి ఆ దారి లేదు. 'సంక్షోభంలో అవకాశం' అన్న మాటలో ఇది మొదటి మెలిక: అవకాశానికి కూడా పెట్టుబడి కావాలి.

ఆ గదుల్లో ఆడిన ఆట పేరు స్టార్‌క్రాఫ్ట్. అమెరికాలోని బ్లిజార్డ్ అనే కంపెనీ 1998 మార్చి 31న విడుదల చేసింది. అంతరిక్షంలో మూడు జాతుల మధ్య యుద్ధం. గనులు తవ్వి, స్థావరం కట్టి, సైన్యాన్ని తయారుచేసి ఎదుటివాడిని కూల్చాలి. బాగా ఆడేవాడి చేతులు నిమిషానికి మూడు వందలసార్లు మీటలు నొక్కుతాయి. ప్రపంచమంతా అమ్ముడైన కాపీల్లో సగానికి దగ్గరగా ఒక్క కొరియాలోనే అమ్ముడయ్యాయి. కిం దే జుంగ్ ప్రభుత్వం అదే సమయంలో వేగవంతమైన ఇంటర్నెట్‌ను దేశమంతా పరిచే పథకం పెట్టుకుంది. ఈ మూడూ కలిశాయి: ఖాళీగా ఉన్న మనుషులు, చవకగా దొరికే గది, సర్కారు వేసిన తీగ.

లాభం ఎవరిది? ప్రతి గదిలో ప్రతి కంప్యూటర్‌కూ కాపీ కొనాలి కాబట్టి బ్లిజార్డ్‌ది. ఇంటర్నెట్ అమ్మిన టెలికం కంపెనీలది. కొరియాలో ఆ ఆటను అమ్మిన పంపిణీదారులది. ఈ ఆటను మొదట పంపిణీ చేసిన ఎల్‌జీ సాఫ్ట్‌లో పనిచేసిన కిం యంగ్ మాన్ 1999లో హాన్‌బిట్ సాఫ్ట్ అనే కంపెనీ పెట్టి పైకొచ్చాడు. తర్వాత ఈ-స్పోర్ట్స్ సంఘం కెస్పాకు మొదటి అధ్యక్షుడయ్యాడు. విజయగాథ చెప్పేవాళ్ళకు ఇట్లాంటి మనిషి కావాలి. మిగిలిన వేలమంది గది యజమానులు ఒకరితో ఒకరు పోటీపడి రేటు తగ్గించుకుంటూ గంటకు సుమారు వెయ్యి వోన్ల దగ్గర ఆగారు. రాత్రి కాపలాకు మనిషిని పెట్టుకోలేక భార్య, కొడుకు కూర్చున్నారు. కొరియా మొత్తంలో ఈ గదుల సంఖ్య కోవిడ్ తర్వాత 10 వేల లోపుకు పడిపోయింది. ఆ ఖాళీ అయిన గదుల కథను ఏ సెమినార్‌లోనూ వినలేదు.

ఇక ఆటగాళ్ళు. 2000లో కెస్పా ఏర్పడింది. అదే ఏడాది ఆటల్ని మాత్రమే చూపించే టీవీ ఛానెల్ మొదలైంది. 2003లో జట్ల మధ్య ప్రోలీగ్ మొదలైంది. 2004లో బూసాన్ సముద్రతీరంలో జరిగిన ఫైనల్‌కు లక్షమంది వచ్చారని చెప్పుకుంటారు. ఎస్‌కే టెలికం, కేటీఎఫ్, శాంసంగ్, సీజే లాంటి పెద్ద కంపెనీలు జట్లు పెట్టాయి. కుర్రాళ్ళు పదిహేను పదహారేళ్ళకే జట్టు ఇంట్లో చేరేవాళ్ళు. అక్కడే తిండి, అక్కడే పడక, రోజుకు పది పన్నెండు గంటల సాధన. తెర మీద కనపడే పేరున్నవాడి వెనక, వాడికి ప్రాక్టీసు ఇవ్వడానికే ఉండే కుర్రాళ్ళు ఎందరో. వాళ్ళకు జీతం ఉండేది కాదు, ఉన్నా నామమాత్రం. గిన్నెలు కడగడం, గది ఊడవడం కూడా చిన్నవాళ్ళ వంతే. (ఇది చదువుతుంటే నాకు పాత గురుకులాలు గుర్తొచ్చాయి. ఉపమానం లాగను.) ఆడవాళ్ళ కోసం మొదట్లో వేరే లీగ్‌లు ఉండేవి. అవి నిలబడలేదు. తర్వాత వందలాది మగపిల్లల మధ్య పేరు వినిపించిన ఆడమనిషి దాదాపు సియో జి సూ ఒక్కతే.

ఇక్కడ ఒక లెక్క అర్థం చేసుకోవాలి. ఈ కుర్రాళ్ళ జీతం ఎక్కడ్నుంచి వచ్చేది? టికెట్ నుంచి కాదు. సియోల్ స్టేడియంలో కూర్చుని చూడటం ఉచితం. జీతం వచ్చేది స్పాన్సర్ కంపెనీ ప్రచార ఖాతాలోంచి. టెలికం కంపెనీకి ఆ జట్టు ఒక హోర్డింగు లాంటిది. వ్యాపారం బాగున్నప్పుడు హోర్డింగు పెద్దదవుతుంది. మందగమనం వచ్చిందంటే ఏ కంపెనీ అయినా ముందు కోసేది ప్రచార ఖర్చే. యంత్రాన్ని ఆపితే ఉత్పత్తి ఆగుతుంది, హోర్డింగు తీసేస్తే ఏమీ ఆగదు. అందులో మనుషులున్నారన్నది లెక్కల పుస్తకంలో కనపడదు.

2008లో అది ప్రపంచమంతా కనపడింది. అమెరికాలో డల్లాస్ కేంద్రంగా 1997 నుంచి పోటీలు పెడుతున్న సీపీఎల్ ఆ ఏడాది మార్చిలో ఆగింది. డైరెక్ట్ టీవీ అండతో 2007లో మొదలై, ఆటగాళ్ళకు ఏడాదికి 30 వేల డాలర్ల జీతం రాసిచ్చిన సీజీఎస్ రెండు సీజన్లకే నవంబర్‌లో మూతపడింది. ఫ్రాన్స్‌లో ఈఎస్‌డబ్ల్యూసీ నడిపే కంపెనీ 2009లో దివాళా తీసింది. సీజీఎస్ జీతం నమ్ముకుని చదువు, ఉద్యోగం వదులుకున్నవాళ్ళకు ఒక్క ప్రకటనతో పని పోయింది.

కొరియాలో దెబ్బ కాస్త ఆలస్యంగా పడింది. 2010లో ఒక కుంభకోణం బయటపడింది. పందాల ముఠాలకు అమ్ముడుపోయి ఆటలు ఓడారని 11 మందిని కెస్పా శాశ్వతంగా బహిష్కరించింది. పత్రికలు నీతి గురించి చాలా రాశాయి. తప్పు తప్పే. వాళ్ళలో బాగా సంపాదించిన పెద్ద పేరూ ఉంది, కాబట్టి అంతా పేదరికం వల్లనే అని నేను అనను. కానీ జీతం లేని పిల్లల్ని వరసగా కూర్చోబెట్టిన చోటికి పందెంరాయుడు డబ్బు సంచితో వస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. కుర్రాళ్ళకు శాశ్వత నిషేధం పడింది. జీతాలు ఎందుకివ్వలేదని జట్టు యజమానుల్ని అంత గట్టిగా అడిగినవాళ్ళు నాకు కనపడలేదు.

2011లో హ్వాసంగ్, వీమేడ్, ఎంబీసీ గేమ్ జట్లు మూడూ పోయాయి. ఎంబీసీ గేమ్ ఛానెల్‌నే 2012లో తీసేసి సంగీతం ఛానెల్ పెట్టారు.

తర్వాత 2013 ఆగస్టు. ప్రోలీగ్ ఫైనల్‌కు ఎస్‌టీఎక్స్ సోల్, వూంగ్జిన్ స్టార్స్ వచ్చాయి. ఎస్‌టీఎక్స్ ఓడలు కట్టే కంపెనీ. 2008 తర్వాత ప్రపంచ వాణిజ్యం తగ్గి ఓడలకు గిరాకీ పడిపోవడంతో అప్పుల్లో మునిగి, అప్పటికే బ్యాంకుల చేతుల్లోకి పోతోంది. వూంగ్జిన్ పిల్లల పుస్తకాలు, మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మి ఎదిగిన సంస్థ. 2007లో ఒక నిర్మాణ కంపెనీని కొని, ఇళ్ళ మార్కెట్ చల్లబడ్డాక దాంతో పాటు కుంగి, 2012 సెప్టెంబర్‌లో కోర్టు రక్షణ కోరింది. అంటే దివాళా అంచున ఉన్న రెండు కంపెనీల చొక్కాలు వేసుకుని ఈ కుర్రాళ్ళు దేశంలోకెల్లా పెద్ద ఫైనల్ ఆడారు. ఎస్‌టీఎక్స్ గెలిచింది. కప్పు ఎత్తిన కొన్ని వారాల్లోనే స్పాన్సర్ తప్పుకుంది. తర్వాతి సీజన్‌లో ఆ రెండు జట్లూ లేవు.

ప్రతిభ ఉంటే చాలు, మిగతావన్నీ అవే వస్తాయనేవాళ్ళు ఈ ఫైనల్‌ను ఎట్లా వివరిస్తారు? ఆ రోజు దేశంలో వాళ్ళకంటే బాగా ఆడిన జట్టు లేదు. ఓడల కంపెనీ బ్యాలెన్స్ షీటుకు ఆ సంగతి అవసరం లేదు.

2016 అక్టోబర్‌లో ప్రోలీగ్‌నే ఆపేస్తున్నామని కెస్పా ప్రకటించింది. ఏడు జట్లలో అయిదు రద్దయ్యాయి. అన్నీ మాంద్యం ఖాతాలో వెయ్యడం నిజాయితీ కాదు. కొత్త ఆట లీగ్ ఆఫ్ లెజెండ్స్ వచ్చి జనాన్ని లాక్కుంది. మళ్ళీ పందాల గొడవలు వచ్చాయి. అంతకుముందే ఆట మాది, ప్రసార హక్కు మాది అని బ్లిజార్డ్‌కూ కెస్పాకూ వివాదం నడిచి 2011లో రాజీ అయింది. ఈ చివరి సంగతి చిన్నది కాదు. కబడ్డీకి ఓనరు లేడు. కంపెనీ మూతపడ్డా గ్రౌండులో గీత గీసుకుని ఆడుకోవచ్చు. వీడియో గేముకు ఓనరుంటాడు. ఆడేవాడు ఎంత గొప్పవాడైనా వాడి పనిముట్టు ఇంకొకడి ఆస్తి. కౌలు రైతు కొడుకుగా ఈ ఏర్పాటు నాకు కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు మెరిట్ సంగతి. వీడియో గేమ్‌లో నీ కులం ఎవరూ అడగరు, రంగు అడగరు, డిగ్రీ అడగరు, నీ చెయ్యి ఎంత వేగమో అంతే అంటారు. ఈ మాటలోని ఆకర్షణ నాకు అర్థమవుతుంది. ఇంటర్వ్యూ గదిలో ఇంటిపేరు చెప్పగానే ఎదుటి ముఖంలో వచ్చే మార్పు చూసినవాడికి, ముఖమే కనపడని చోటు స్వర్గంలా ఉంటుంది. ఆట నడిచినంతసేపూ ఆ సమానత్వం నిజమే. దాన్ని నేను కొట్టిపారేయను.

కానీ ఇద్దరు కుర్రాళ్ళను చూడండి. ఇద్దరూ పదహారేళ్ళకు బడి మానేశారు, ఇద్దరూ సమానంగా ఆడతారు, ఒకే జట్టు, ఒకే జీతం. జట్టు మూతపడింది. ఒకడు ఇంటికి పోయి రెండేళ్ళు ట్యూషన్ పెట్టించుకుని చదువు పూర్తి చేస్తాడు, లేదా నాన్న షాపులో కూర్చుంటాడు. రెండోవాడికి పోవడానికి ఇల్లే అద్దెది. మొదటివాడికి ఆ నాలుగేళ్ళు అనుభవం, రెండోవాడికి అప్పు. మంచిరోజుల్లో ఈ తేడా కనపడదు. మాంద్యం వచ్చాకే ఎవరి కాళ్ళ కింద నేల ఉందో, ఎవరి కింద లేదో బయటపడుతుంది. పైగా కొరియాలో మగపిల్లలందరికీ సైనిక సేవ తప్పనిసరి. ఇరవైల్లో పోయి తిరిగొచ్చేసరికి ఆ వేగం ఉండదు. మెరిట్ వాదులు కొలిచేది గెలిచే శక్తిని. ఓడి కూడా బతకగలిగే శక్తి కొందరికి పుట్టుకతోనే వస్తుంది, దాన్ని ఎవరూ కొలవరు. మన కాలేజీల్లో ఒకసారి ఫెయిలైతే తిరిగి కట్టుకునేవాళ్ళకూ, ఒక్క ఫెయిలుతో ఊరికి పోయేవాళ్ళకూ మధ్య మనం రోజూ చూసే తేడా ఇదే.

ఇదంతా కొరియా గోల, మనకెందుకు అనడానికి లేదు. 2016 తర్వాత డేటా చవకై, మన ఊళ్ళలోనూ ఫోన్‌లో ఆడి సంపాదిద్దామనుకున్న కుర్రాళ్ళు తయారయ్యారు. ఇక్కడ దెబ్బ మాంద్యం రూపంలో కాక నిషేధం రూపంలో వచ్చింది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ పోయింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. అదే ఏడాది జులైలో బీజీఎంఐ పోయి పది నెలలకు తిరిగొచ్చింది. ఈ నిషేధాల కారణాలు వేరు, వాటి జోలికి నేను పోను. ఫలితం మాత్రం ఒకటే, రాత్రికి రాత్రి పని లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. ఆటగాడి కాంట్రాక్టు గురించి, జీతం గురించి అందులో మాట లేదు. (ఫోన్‌లో ఆట నడిచేది బొటనవేళ్ళతో. ఏకలవ్యుణ్ణి తీసుకురాకుండా నువ్వు వ్యాసం ముగించలేవని మిత్రుడొకడు ఎగతాళి చేస్తుంటాడు. అందుకని తీసుకురాను.)

ఆటగాణ్ణి క్రీడాకారుడు అంటాం, కళాకారుడు అంటాం, స్టార్ అంటాం. కార్మికుడు అని మాత్రం అనం. అన్నామంటే నోటీసు కాలం, నష్టపరిహారం, సంఘం పెట్టుకునే హక్కు అన్నీ వెంట వస్తాయి. కొరియాలో 2019లో మైనర్ ఆటగాడొకణ్ణి చైనా జట్టుకు బలవంతంగా ఒప్పందం చేయించబోయారన్న గొడవ బయటికొచ్చాకే 2020లో ప్రామాణిక కాంట్రాక్టు పత్రం వచ్చింది. వృత్తి పుట్టిన ఇరవై ఏళ్ళకు!

ఇటీవలి మాంద్యం అమెరికాలో మొదలైంది. 2022 మార్చి నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు పెంచుకుంటూ పోయింది. సున్నాకు దగ్గరగా ఉన్న రేటు 2023 జులైకి 5 శాతం దాటింది. చవక అప్పు మీద ఉబ్బిన జట్లు కుదేలయ్యాయి. 2021లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీ టీఎస్ఎం జట్టుకు పేరు పెట్టుకునే హక్కు కోసం పదేళ్ళకు 21 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 2022 నవంబర్‌లో ఆ కంపెనీయే కూలింది. 2022 జులైలో 72.5 కోట్ల డాలర్ల విలువ కట్టి షేర్ మార్కెట్‌కు తెచ్చిన ఫేజ్ క్లాన్, మరుసటి ఏడాది అక్టోబర్‌కు 2 కోట్ల డాలర్ల లోపుకు అమ్ముడుపోవడానికి ఒప్పుకుంది.

ఖర్చు తగ్గించుకోవాలని జట్లు అడిగితే 2023 మేలో రయట్ గేమ్స్ వాళ్ళకొక వెసులుబాటు ఇచ్చింది: ఇకమీదట రెండో శ్రేణి జట్టును పోషించక్కర్లేదు. పది జట్లలో ఏడు వెంటనే ఆ జట్లను వదిలేశాయి. కొరియాలో జీతం లేకుండా ప్రాక్టీసు ఇచ్చిన కుర్రాళ్ళకు అక్కడ సమానమైనవాళ్ళు వీళ్ళే. కింది మెట్టునే ముందు నరికారు. అయితే అక్కడ ఒక కొత్త సంగతి జరిగింది. పై శ్రేణి ఆటగాళ్ళు, తమ జీతానికి ఢోకా లేనివాళ్ళు, కింది వాళ్ళ కోసం ఆట ఆపేద్దామని ఓటేశారు. వాళ్ళ సంఘం 2017లో రయట్ సాయంతోనే ఏర్పడింది, ఆ సంఘమే రయట్ మీదికి తిరిగింది. రెండు వారాల్లో రాకపోతే సీజనంతా రద్దు చేస్తామని కంపెనీ బెదిరించింది. జూన్ 14న ఆట మళ్ళీ మొదలైంది. రెండో శ్రేణికి ఒక్కసారికి 3 లక్షల డాలర్ల సాయం ఒప్పుకున్నారు. రెండో జట్టు తప్పనిసరిగా ఉండాలన్న నియమాన్ని మాత్రం తిరిగి పెట్టలేదు.